లాషె అంటే వదిలెయ్యమని: ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ స్కీ మాటలు నేర్చుకునే పద్ధతి

స్కీ అంటే కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు కొండ మీంచి జారడం. అది నేర్చుకోవడానికి ఫ్రెంచి ఆల్ప్స్‌కి మొదటిసారి వెళ్లేముందు నేను 120 మాటలు బట్టీపట్టాను. మంచు, కొండ, హెల్మెట్, గ్లవుజులు, కళ్లద్దాలు, అన్నీ వచ్చేశాయి. తీరా అక్కడ మొదటిరోజు పొద్దున్నే కడ్డీ పట్టుకుంటే పైకి లాక్కుపోయే లిఫ్టు ఎక్కి, పది గజాలు పోగానే పడ్డాను. పడ్డానే గానీ కడ్డీ వదల్లేదు. లిఫ్టు నడిపే అతను "లాషె! లాషె!" అని అరుస్తున్నాడు. గట్టిగా పట్టుకోమంటున్నాడు కాబోలనుకుని ఇంకాస్త బిగించాను. అతను పరిగెత్తుకెళ్లి మిషను ఆపేదాకా బొక్కబోర్లా మంచుమీద ఈడ్చుకుంటూ పోయింది. లాషె అంటే వదిలెయ్యండి అని. నా 120లో అదొక్కటే లేదు.

ఆరోజుతో నా వరస మారింది. మన నోట్లోంచి రావాల్సిన మాటలకంటే మన చెవిన పడేవి, బోర్డుమీద కనిపించేవి ముందు నేర్చుకోవాలి. మనం అడగాల్సింది సైగలతోనో వచ్చీరాని ఇంగ్లీషుతోనో గట్టెక్కుతుంది. అవతలివాళ్లు అరిచినప్పుడు మాత్రం ఫోను తీసి అర్థం వెతికే వ్యవధి ఉండదు. ఈ మెట్లన్నీ ఆ లెక్కలోనే రాశాను. ముందు ఫ్రెంచి, అది పట్టుబడ్డాక జర్మన్, ఇటాలియన్.

మెట్టు 1: దేశం కాదు, లోయ చూసుకోండి

స్విట్జర్లాండ్ వెళ్తున్నాం కాబట్టి జర్మన్ చాలు అనుకుంటే పొరపాటే. ఒకే వాలే రాష్ట్రంలో వెర్బియేలో ఫ్రెంచి, జెర్మాట్‌లో జర్మన్. ఇటలీలో ఆవోస్తా లోయలో ఇటాలియన్‌తోపాటు ఫ్రెంచి కూడా అధికార భాషే. దొలొమితి కొండల్లో దక్షిణ తిరోల్ వైపు వెళ్తే బోర్డుల మీద జర్మన్, ఇటాలియన్ రెండూ ఉంటాయి, కొన్ని లోయల్లో లదీన్ అనే మూడో భాష కూడా. జెర్మాట్‌లో పొద్దున బయల్దేరి, స్కీల మీదే సరిహద్దు దాటి, ఇటలీ వైపు చెర్వీనియాలో మధ్యాహ్నం భోంచేయొచ్చు. ఆ రెండు ఊళ్ల మధ్య నిలబడ్డ శిఖరం ఒక్కటే. జర్మన్‌లో మాటర్‌హార్న్, ఇటాలియన్‌లో చెర్వీనో, ఫ్రెంచిలో సెర్వేఁ.

అందుకని ముందు మీరు వెళ్లే చోటి స్కీ పటం దింపుకోండి. దాదాపు ప్రతి చోటూ ఉచితంగానే పెడుతుంది. పటం మూలన గుర్తుల వివరణ ఉంటుంది, చాలాసార్లు మూడు నాలుగు భాషల్లో పక్కపక్కనే. ఇంతకంటే మంచి మొదటి పాఠ్యపుస్తకం దొరకదు.

మెట్టు 2: తెలుగు లిపిలోనే రాసుకోండి, అరసున్నతో సహా

ఇంగ్లీషు స్పెల్లింగు ద్వారా ఫ్రెంచి నేర్చుకునేవాళ్లు ఎక్కువ తంటాలు పడతారు. మనకు ఆ అవసరం లేదు. ఇంగ్లీషు 'టీ' అక్షరం కనపడగానే మనం 'ట' రాసేస్తాం గానీ, ఫ్రెంచి, ఇటాలియన్ ఉచ్చారణలో నాలుక పళ్లకు తగులుతుంది, అంటే అచ్చంగా మన 'త', 'ద'. కాబట్టి స్కీల మీద జారే దారిని 'పిస్ట్' కాదు, 'పిస్త్' అనాలి. జర్మన్‌కి మాత్రం 'ట', 'డ' దగ్గర.

బళ్లో వదిలేసిన అరసున్నను ఇక్కడ మళ్లీ పనిలో పెట్టండి. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులున్నాయి, వాటిలో 'న్' గానీ 'మ్' గానీ పూర్తిగా వినపడదు. స్కీ కర్రలు 'బాతోఁ', గ్లవుజులు 'గాఁ', వేడి వైను 'వేఁ షో'. నిండు సున్న పెట్టి చదివితే వేరే మాటైపోతుంది.

మనకు లేని ధ్వనులు మూడు. ఒకటి, పెదాలు 'ఓ'లా గుండ్రంగా పెట్టి లోపల 'ఏ' అనడం. నీలం రంగు 'బ్లో' ఇలా పలకాలి. రెండు, పెదాలు 'ఊ'లా పెట్టి లోపల 'ఈ' అనడం. దీన్ని నేను 'యూ' అని రాస్తాను, బూట్లు 'షొస్యూర్'. మూడు, 'ష' అంటూనే గొంతు మోగించడం. మంచు 'నెజ్', ఎరుపు 'రూజ్' మాటల చివర వచ్చేది ఇదే, మన 'జ' కాదు. ఇవి నోటిని పట్టేదాకా అద్దం ముందు సాధన చేయాల్సిందే. ఇంకొక జాగ్రత్త: మాట చివర మన అలవాటుకొద్దీ 'ఉ' తగిలించి 'పిస్తు' అనకండి.

జర్మన్‌లో నల్లదనం 'ష్వార్ట్స్' చివర వచ్చే ధ్వని, ఇటాలియన్ 'స్పాత్సానేవె' మధ్యలోది, మనం 'చలి' అనేటప్పుడు వచ్చే దంత్య 'చ'కు చాలా దగ్గర. ఇంగ్లీషువాళ్లు దీనికి అవస్థ పడతారు, మనకు పుట్టుకతో వచ్చింది.

ఇక అసలు మాట. నార్వే పాత భాషలో చీల్చిన కట్టెముక్కను పిలిచే పేరునుంచి 'స్కీ' వచ్చింది. ఫ్రెంచివాళ్లు దాన్ని 'స్కీ' అంటారు. నార్వే, జర్మన్, ఇటాలియన్ భాషల్లో 'షీ'. మీరు 'స్కీ' అన్నా అర్థం చేసుకుంటారు గానీ, వాళ్లు 'షీషూలె' అన్నప్పుడు స్కీ బడి అని మీకు తట్టాలి కదా.

మెట్టు 3: అద్దె కొట్టులో అడిగే నాలుగు ప్రశ్నలు

బోర్డుమీద 'లొకాస్యోఁ' అని ఉంటుంది, అద్దె అని అర్థం. లోపల అడిగేవి నాలుగే. 'ప్వేఁత్యూర్' కాలి సైజు, 'తాయ్' ఎత్తు, 'ప్వా' బరువు, 'నివో' మీ స్థాయి. స్థాయి అడిగితే మొదటిసారివాళ్లు 'దెబ్యూతాఁ' అనాలి, ఆడవాళ్లయితే 'దెబ్యూతాఁత్'. బూటు సైజు ఇక్కడ పాదం పొడవును బట్టి సెంటీమీటర్లలో ఉంటుంది, 26.5 లాంటి అంకె. ఇంట్లోనే కాగితం మీద పాదం పెట్టి కొలుచుకు వెళ్లండి.

బరువు దగ్గర మొహమాటం వద్దు. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును 'ఫిక్సాస్యోఁ' అంటారు. పడినప్పుడు అది ఎంత బలానికి ఊడిరావాలో బరువు, ఎత్తు, వయసు, స్థాయి చూసి సరిచేస్తారు. అయిదు కిలోలు తగ్గించి చెప్పినా, లేని నైపుణ్యం చెప్పుకున్నా లెక్క తప్పేది అక్కడే, దెబ్బ తినేది మోకాలు.

బూటు తొడిగాక చెప్పాల్సిన మాట ఒకటి తప్పకుండా నేర్చుకోండి: 'సా సెర్ త్రో', మరీ బిగుతుగా ఉంది. నొప్పి పెడితే 'సా ఫె మాల్'. మొదటిరోజు భరించి, రెండోరోజు కుంటినవాళ్లను చాలామందిని చూశాను.

రెండు ఉచ్చులున్నాయి. 'ఆప్రె-స్కీ' అంటే స్కీ అయ్యాక జరిగే సాయంత్రం సందడి అని అందరికీ తెలుసు, కానీ ఫ్రెంచివాళ్లు మంచులో నడవడానికి వేసుకునే మందపాటి బూట్లను కూడా అదే పేరుతో పిలుస్తారు. పాఠాలు బుక్ చేసేటప్పుడు 'స్కీ ద ఫోఁ' ఎంచుకుంటే చదునైన దారుల్లో సన్నటి స్కీలతో కిలోమీటర్ల కొద్దీ నడిపిస్తారు. మీకు కావాల్సింది కొండ దిగడమైతే 'స్కీ ఆల్పేఁ' చూసుకోండి.

మెట్టు 4: లిఫ్టు మాటలు, ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే

లిఫ్టులన్నిటికీ కలిపి 'రమోఁతె మెకనీక్', వాటి టికెట్టు 'ఫోర్ఫే'. స్పెయిన్‌లో కూడా ఫ్రెంచి నుంచి అరువు తెచ్చుకుని అదే మాట వాడతారు. ఆస్ట్రియాలో, ఇటలీలో 'స్కీపాస్' అంటే చాలు.

ఫ్రెంచి లిఫ్టు పేర్లు 'తెలె' అనే ముందుమాటతో కట్టిన సమాసాలు. వెనక ముక్క తెలిస్తే ఏమి ఎక్కబోతున్నారో తెలుస్తుంది:

- తెలెస్యెజ్: స్యెజ్ అంటే కుర్చీ. కూర్చోబెట్టి తీసుకెళ్తుంది.
- తెలెకాబీన్: చిన్న గదులు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా తిరుగుతుంటాయి.
- తెలెఫెరీక్: పెద్ద గది ఒకటి పైకి పోతుంటే దాని జత కిందికి వస్తుంటుంది.
- తెలెస్కీ: నన్ను ఈడ్చింది ఇదే. కడ్డీని కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడితే లాగుతుంది.

ఈ చివరిదాన్ని మామూలు మాటల్లో 'తీర్-ఫెస్' అంటారు. అర్థం పిర్రలు లాగేది అని. ఎక్కినవాళ్లకు వివరణ అక్కర్లేదు. కూర్చోబోతే పడతారు, ఎందుకంటే అది కుర్చీ కాదు.

ఇప్పుడు ఆజ్ఞలు. ఫ్రెంచిలో మర్యాదగా చెప్పే ఆజ్ఞలు చాలావరకు చివర 'ఎ'తో ముగుస్తాయి, మన 'అండి'లాగా. కాబట్టి ఎవరైనా మీవైపు చూసి 'ఎ'తో ముగిసే మాట అరిస్తే మీరేదో చేయాలన్నమాట. 'ఆవాఁసె' ముందుకు రండి. 'బెసె ల గార్ద్-కోర్' కుర్చీ ముందుండే అడ్డకడ్డీ దించండి. 'రలవె ల గార్ద్-కోర్' ఎత్తండి, ఇది పైన దిగే చోటు దగ్గరపడినప్పుడు కనిపిస్తుంది. 'రలవె లె స్పాత్యూల్' స్కీల కొసలు పైకెత్తండి, లేకపోతే వేదిక అంచుకు గుచ్చుకుంటాయి. 'లాషె లా పెర్ష్' కడ్డీ వదలండి. దీని గురించి చెప్పాను.

బోర్డులమీద 'ఫెర్మె' మూసి ఉంది, 'ఉవెర్' తెరిచి ఉంది, 'ఏఁతెర్ది' నిషేధం. ఇంకొక తికమక: ఫ్రెంచిలో 'స్తాస్యోఁ' అంటే స్కీ ఊరు మొత్తం. లిఫ్టు ఎక్కే చోటును రైలు స్టేషనుకు వాడే 'గార్' అనే మాటతో పిలుస్తారు. జర్మన్‌లో తిరగబడుతుంది, 'టాల్‌ష్టాట్సియోన్' అంటే లిఫ్టు కింది చివర, 'బెర్గ్‌ష్టాట్సియోన్' పై చివర.

మెట్టు 5: రంగులు

ఫ్రాన్సులో వాలుదారులు నాలుగు రంగులు: 'వెర్త్' ఆకుపచ్చ అన్నిటికంటే సులువు, 'బ్లో' నీలం, 'రూజ్' ఎరుపు, 'న్వార్' నలుపు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఇటలీల్లో మామూలుగా నీలంతోనే మొదలవుతుంది. అంటే ఆస్ట్రియా నీలం మీద బాగా దిగాను కదా అని ఫ్రాన్సు నీలం ఎక్కితే ఒక్కోసారి కాళ్లు వణుకుతాయి. రంగు ఒకటే, దాని కింద ఇంకో మెట్టు ఉన్నచోట దాని అర్థం వేరు. నార్వే వెళ్తే అక్కడా ఆకుపచ్చ ఉంది.

మెట్టు 6: ఎగువ, దిగువ

స్కీ నేర్పేవారు 'మొనితోర్', ఆవిడైతే 'మొనిత్రీస్'. ఫ్రాన్సులో ఎర్ర కోటు కనపడితే చాలావరకు ఫ్రెంచి స్కీ బడి పంతులే. వాళ్లు నేర్పే మొదటి భంగిమలో స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టాలి. దీని పేర్లు చూడండి. ఫ్రెంచిలో 'షాస్-నెజ్', మంచును తరిమేది. జర్మన్‌లో 'ష్నేప్ఫ్లూక్', మంచు నాగలి. ఇటాలియన్‌లో 'స్పాత్సానేవె', మంచు ఊడ్చేది. రోడ్డుమీది మంచు తీసే బండి పేరే మూడింటిలోనూ భంగిమకు పెట్టారు. స్పానిష్‌లో మాత్రం 'కూన్యా', చెక్క చీల్చడానికి కొట్టే మేకు. పిల్లలకు జర్మన్‌లో ఇవేవీ చెప్పరు, 'పిట్సా' అంటారు. స్కీలు సమాంతరంగా పెట్టమంటే 'పొమెస్', బంగాళాదుంప వేపుళ్లు. ముప్ఫై అయిదేళ్ల మనిషిని పిట్సా పెట్టమంటే సిగ్గేస్తుంది గానీ, గుర్తుండిపోతుంది.

తర్వాత పదేపదే వినపడేవి: 'ప్లియె లె జనూ' మోకాళ్లు వంచండి. 'రగార్దె దవాఁ' ముందుకు చూడండి (అందరం స్కీల వంకే చూస్తాం). 'తూర్నె' తిరగండి. 'ఆ గోష్' ఎడమకు, 'ఆ ద్ర్వాత్' కుడికి. 'దూస్‌మాఁ' మెల్లిగా. మలుపు 'విరాజ్', స్కీ అంచున ఉండే ఇనుప పట్టీ 'కార్', పక్కకు జారడం 'దెరపాజ్'.

వీటన్నిటికంటే అసలైన జత ఒకటుంది. వాలు మీద అడ్డంగా నిలబడితే ఒక కాలు కొండ వైపు, ఒకటి లోయ వైపు ఉంటాయి. బరువు మోయాల్సింది లోయ వైపు కాలు. ఫ్రెంచిలో ఆ స్కీని 'స్కీ ఆవాల్' అంటారు, కొండ వైపుదాన్ని 'స్కీ ఆమోఁ'. నిజానికివి నది మాటలు. మనం గోదావరికి, కృష్ణకు ఎగువ, దిగువ అంటామే, అవే. ఆమోఁ అంటే కొండకేసి, ఆవాల్ అంటే లోయకేసి. ఇంగ్లీషు అడ్డం పెట్టుకోకుండా ఎగువ స్కీ, దిగువ స్కీ అని నేరుగా గుర్తుపెట్టుకోండి, ఒక్కసారితో నిలిచిపోతాయి. జర్మన్‌లో 'బెర్గ్‌షీ', 'టాల్‌షీ', అక్షరాలా కొండ స్కీ, లోయ స్కీ. ఇటాలియన్‌లో 'షీ ఆ మోంతె', 'షీ ఆ వల్లె'. మూడు భాషలూ ఒకే చూపుతో చూస్తున్నాయి, మనదీ కలిపితే నాలుగు.

కుడి ఎడమలతో నేర్చుకుంటే ప్రతి మలుపులోనూ మారిపోతాయి. ఎగువ దిగువలతో ఆ గొడవ లేదు, మలుపు తిరిగాక ఏది లోయ వైపు ఉంటే అదే ఆవాల్. పంతులు 'ఆవాల్!' అని అరిస్తే కుడా ఎడమా అని ఆలోచించకుండా ఆ కాలిమీద బరువు వేయాలి.

మెట్టు 7: మంచు పేర్లు

సముద్రతీరంలో పుట్టిన మనకు మంచు ఒకటే. అక్కడివాళ్లకు పొద్దుటిది వేరు, మధ్యాహ్నానిది వేరు. మొదటివారానికి అయిదు చాలు. 'పూద్రోజ్' కొత్తగా పడ్డ పొడి మంచు. 'దామె' రాత్రి యంత్రంతో చదును చేసింది, నేర్చుకునేవాళ్లకు ఇదే కావాలి. ఆ యంత్రం పేరు ఫ్రెంచిలో 'దామోజ్', ఇటాలియన్‌లో ముద్దుగా 'గాత్తొ దెల్లె నేవి', మంచు పిల్లి. 'వెర్‌గ్లా' గాజులా గట్టిపడింది. 'సూప్' ఎండకు కరిగి జావలా అయింది, పేరు ఆ తినే సూపే. 'బోస్' మంచు గుబ్బలు.

జర్మన్‌లో పొడి మంచు 'పుల్‌ఫర్‌ష్నే', జావ మంచు 'జుల్ట్స్', పైన అప్పడంలా పెళుసుగా గడ్డకట్టింది 'హార్ష్'. ఎండకాలం దగ్గరపడ్డాక రాత్రి గడ్డకట్టి పగలు పైపొర మాత్రమే మెత్తబడేది 'ఫిర్న్', దీనికోసం తెల్లవారుజామునే లేచేవాళ్లున్నారు.

మెట్టు 8: ప్రాణం మీది మాటలు

వీటిని మీరు వెళ్లే లోయ భాషలోనే కాదు, మూడు భాషల్లోనూ నేర్చుకోండి. హిమపాతం ఫ్రెంచిలో 'ఆవలాఁష్', జర్మన్‌లో 'లవీనె', ఇటాలియన్‌లో 'వాలాంగా'. దాని ప్రమాదస్థాయిని 1 నుంచి 5 దాకా అంకెల్లో చెప్పే పద్ధతి యూరప్ దేశాలన్నిటికీ 1993లో ఒకటైంది. కాబట్టి అంకె చూసినా సరిపోతుంది, అయితే 3 దగ్గర మోసపోకండి. అయిదింటిలో మూడంటే మధ్యస్తం అనిపిస్తుంది. ఫ్రెంచిలో దాని పేరు 'మార్కె', ఇటాలియన్‌లో 'మర్కాతొ', అంటే స్పష్టంగా ఉంది అని. జర్మన్‌లో 'ఎర్‌హేబ్లిష్', చెప్పుకోదగ్గంత. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో పెద్ద వాటా ఈ స్థాయి ఉన్న రోజులదే. 'ఓర్-పిస్త్' అంటే గుర్తుపెట్టిన దారి బయట. మొదటి ఏడాది ఆ మాట కనపడితే వెనక్కి తిరగడమే.

మూసిన దారికి ఫ్రెంచిలో 'ఫెర్మె', జర్మన్‌లో 'గెష్పెర్ట్', ఇటాలియన్‌లో 'క్యూజొ'. జాగ్రత్త అనడానికి 'అతాఁస్యోఁ', 'ఫోర్‌జిష్ట్', 'అత్తెంత్సియోనె'. మబ్బు దిగి నేల, ఆకాశం తెల్లగా కలిసిపోతే 'జూర్ బ్లాఁ', తెల్ల పగలు. మాట అందంగా ఉన్నా అందులో చిక్కుకుంటే ఏది ఎత్తో ఏది పల్లమో తెలియదు.

సాయానికి కేక 'ఓ సకూర్', జర్మన్‌లో 'హిల్ఫె', ఇటాలియన్‌లో 'ఆయూతొ'. ఈ దేశాలన్నిటా అత్యవసర నంబరు 112. ఫ్రాన్సులో వాలుదారి పక్కన పాతిన గుర్తు కర్రను 'బాలీజ్' అంటారు, దానిమీద నంబరు ఉంటుంది. దారి పేరు, ఆ నంబరు చెబితే మీరెక్కడున్నారో వాళ్లకు తెలిసిపోతుంది. అంకెలు ఫ్రెంచిలో చెప్పడం రాకపోతే ఇంగ్లీషులో చెప్పండి, ఇక్కడ పట్టుదలకు పోవద్దు.

మెట్టు 9: ఒక భాషనుంచి ఇంకోదానికి దాటడం

ఫ్రెంచి ఒక్కటి కుదిరాక మిగతావి సగం ధరకే వస్తాయి. ఫ్రెంచి ముందు 'తెలె' పెడితే, ఇటాలియన్ వెనక 'వీఆ' పెడుతుంది, దారి అని అర్థం. సెజ్జొ అంటే కుర్చీ, కాబట్టి కుర్చీ లిఫ్టు 'సెజ్జొవీఆ'. ఫూనె అంటే తాడు, తాడుమీది పెద్ద గది 'ఫునివీఆ'. గదుల వరస 'కాబినొవీఆ'. ఇటాలియన్ మనలాగే అజంత భాష, మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, నోటికి హాయి.

జర్మన్ మాటలు అంటించుకుంటూ పోతుంది, మన సమాసాల్లాగే చివరి ముక్కే అసలు వస్తువు. కుర్చీ లిఫ్టు 'జెస్సెల్‌లిఫ్ట్', ఈడ్చే లిఫ్టు 'ష్లెప్‌లిఫ్ట్', తాడు బండి 'జైల్‌బాన్'. జైలుకు పోయేది కాదు, జైల్ అంటే తాడు. బోర్డుల మీది ఆజ్ఞలు జర్మన్‌లో 'ఎన్'తో ముగుస్తాయి: 'బ్యూగెల్ ష్లీసెన్' అడ్డకడ్డీ మూయండి, 'బ్యూగెల్ ఓఫ్నెన్' తెరవండి. ఇటాలియన్‌లో 'ఆరె', 'ఎరె'లతో.

జర్మన్‌లో ఒక మలుపుంది, 'ఐన్‌కేర్‌ష్వుంగ్'. పంతుళ్లు దాన్ని కూడా విరాజ్ లాంటి సాంకేతిక పదమన్నట్టే మొహం పెట్టి చెబుతారు. కొండ గుడిసె హోటల్లోకి తిప్పుకునే మలుపు అది.

మెట్టు 10: నాలుగు వారాల సాధన

మొదటివారం ధ్వనులు, ఆజ్ఞలు మాత్రమే, రోజుకు అయిదు. రెండోవారం పటం పట్టుకుని దారుల పేర్లు, లిఫ్టుల పేర్లు బయటికి చదవండి. మూడోవారం ఆ ఊరి మంచు సమాచారం రోజూ పొద్దున చూడండి, ఎన్ని లిఫ్టులు ఉవెర్, ఎన్ని ఫెర్మె, మంచు ఎలాంటిది. జనవరిలో అయితే ఆస్ట్రియాలో కిట్స్‌బ్యూల్ పందెం జర్మన్ వ్యాఖ్యానంతో చూడండి. అక్కడి ష్ట్రైఫ్ వాలులో ఒక ముక్క పేరు 'మౌజెఫాలె', ఎలకల బోను. అలాంటి పేరు ఒకసారి చూస్తే చాలు, మళ్లీ చదవక్కర్లేదు.

నాలుగోవారం మాటలను ఒంటికి నేర్పాలి. పుస్తకం మూసేసి గది మధ్యలో నిలబడండి, ఇంట్లో ఇంకొకరి చేతికి ఆజ్ఞల చీటీ ఇచ్చి వరస లేకుండా అరవమనండి. 'ప్లియె' అంటే మోకాళ్లు వంగాలి, 'రలవె' అంటే కాలి వేళ్లు లేవాలి, 'ఆవాల్' అంటే బరువు ఒక కాలిమీదికి పోవాలి, మధ్యలో తెలుగు అనువాదం నడవకూడదు. మా ఇంట్లో ఈ పని పిల్లలు చేస్తారు, నేను వేరే ధ్యాసలో ఉన్నప్పుడు వెనకనుంచి 'లాషె!' అంటారు. చేతిలో ఏది ఉంటే అది వదిలెయ్యాలి. కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు మాత్రం ఈ ఆట వద్దని మా ఇంట్లో ఇప్పుడు నియమం.